కూర చూసి కాపురాలు తేల్చిన రోజులు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఒకటుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేదాన్ని. అలాంటి వయసు, అలాంటి ఉద్యోగం మరి. డిగ్రీ అయిన మరుసటేడే పరీక్ష రాసి, గ్రామ సచివాలయంలో సంక్షేమ పథకాలు చూసే ఉద్యోగం కొట్టాను. పోస్టింగు ఎక్కడంటే కొల్లేటి లంకలో. మాది తాడేపల్లిగూడెం. నాన్నగారిది పౌరోహిత్యం. (ఊళ్ళో సగం గాలి ఉల్లిపాయల మార్కెట్టు వాసనే అయినా, కార్తీకమాసం నెల్లాళ్ళూ మా గడప లోపలికి ఉల్లిపాయ వచ్చేది కాదు. ఇక చేప సంగతి చెప్పేదేముంది, దాన్ని నేను అప్పటిదాకా ఎక్కువగా చూసింది ఒకటో తరగతి పుస్తకంలోనే.) అలాంటిదాన్ని తీసుకెళ్ళి, పొద్దున లేస్తే చేప, రాత్రి పడుకోబోతే చేప అనే ఊళ్ళో పడేశారు. అమ్మ బెంగపెట్టుకుంది. నాన్నగారు మాత్రం గవర్నమెంటు ఉద్యోగం నీళ్ళ మధ్య ఇచ్చినా చెయ్యాల్సిందే అన్నారు. నాకైతే బెంగా లేదు, బెరుకూ లేదు. రోజూ గూడెంలో పాసింజరెక్కి, ఏలూరులో దిగి బస్సు పట్టుకుని, రెండువైపులా చేపల చెరువులు, మధ్యలో గట్టు మీద గతుకుల రోడ్డు, దాని మీద ఊగుతూ వెళ్తుంటే కలెక్టరుగారు క్యాంపుకి బయల్దేరినంత దర్జాగా ఉండేది నా ప్రాణానికి. మెళ్ళో ఐడీ కార్డు, భుజాన క్యారేజీ సంచి, చేతిలో ట్యాబు. ఊళ్ళో వాళ్ళు నా పేరు కనుక్కునే శ్రమ పెట్టుకోలేదు. మొదటిరోజే "పంతులుగారమ్మాయి" అని ఖాయం చేసేశారు.

సచివాలయానికొచ్చే అర్జీల్లో చాలావరకు బియ్యం కార్డుల గురించే. బిడ్డ పుడితే పేరు ఎక్కించాలి, పెద్దాయన పోతే పేరు తియ్యాలి, పెళ్ళయిన పిల్లని పుట్టింటి కార్డులోంచి తీసి అత్తారింటి కార్డులో కలపాలి. ఇవన్నీ కాగితం చూస్తే తేలిపోయే పనులు. చిక్కంతా "మేం వేరుపడ్డామండి, మాకు వేరే కార్డు ఇప్పించండి" అనేవాళ్ళతో వచ్చేది. వేరుపడ్డారని సర్టిఫికెట్టు ఎవరిస్తారు? ఇంటికెళ్ళి కళ్ళారా చూసి, కలిసున్నారో వేరుగా ఉన్నారో ట్యాబులో నొక్కాలి. నొక్కేది నేను. నేను నొక్కాక వీఆర్వో గారు వేలిముద్ర వేస్తేనే అర్జీ పైకి కదిలేది. ఏలూరులో ట్రైనింగప్పుడు ఒక ఆఫీసరుగారు దీనికి ఒక్క ముక్కలో దారి చూపించారు. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు ఒక కుటుంబం, అంతే అన్నారు. ఇంకేం, ఆ ముక్క చెంగున కట్టుకుని నేను లంకలో దిగాను.

మా వీఆర్వో గారికి నేను పెట్టుకున్న పేరు నిమ్మళం గారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. ఏ పని చెప్పినా "నిమ్మళంగా చూద్దాం లేమ్మా" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. పొద్దున చెప్పిన పనికి ఆయన సాయంత్రం కళ్ళజోడు వెతుక్కునేవారు. ఇలాంటివాళ్ళ వల్లే దేశం ఇలా ఉందని నేను పాసింజర్లో పక్కసీటావిడతో చాలాసార్లు చెప్పాను. (ఆవిడ ఏలూరులో పనిచేసే టీచరు. పాపం, దిగేదాకా వినేది.)

ఆ నెల వేరుపడ్డామని అర్జీ పెట్టుకున్నవాళ్ళలో ఒక మామ్మ ఉంది. తుంగ కోసి తెచ్చి, ఎండబెట్టి చాపలు అల్లేది కాబట్టి అందరికీ చాపల మామ్మ. బక్కపల్చటి మనిషి, నడుం కాస్త వంగింది, నోరు మాత్రం నిటారుగానే ఉండేది. ఆదివారం చర్చిలో తన చాప తనే పట్టుకెళ్ళి, అందరికన్నా ముందు వేసుకుని కూచునేదట. కొడుకు చేపల చెరువు మీద కాపలా. కోడలు రొయ్యల ఫ్యాక్టరీలో పని. అందరూ ఒక ఇంట్లోనే ఉండేవాళ్ళు. అత్తాకోడళ్ళకి చెడింది దేనిదగ్గరో తెలుసా? గంజి దగ్గర. కోడలు కుక్కరు కొంది. మామ్మ గంజి వార్చని అన్నం అన్నమే కాదంది. కోడలు నాతో చెప్పుకుని నిట్టూర్చింది. "తెల్లారకుండా ఫ్యాక్టరీ ఆటో వచ్చేస్తుందండి. నేను గంజి వారుస్తూ కూచుంటే అది ఆగుతుందాండీ?" అంది. మామ్మనడిగితే, ముప్పూటలా గంజి తాగి పెంచిన ఒళ్ళమ్మా ఇది, ఇప్పుడు కుక్కరు కూతకి లొంగుతుందా అంది. నా లెక్కన ఇద్దరి మాటా సబబే. మొత్తానికి మామ్మ ఇంటి పక్కన తడికెల వసారాలోకి మారిపోయి, మట్టిపొయ్యి వేసుకుంది.

నవ్వులాటలా వినబడుతుందిగానీ, మామ్మకి అది నవ్వులాట కాదు. ఆవిడ బియ్యం కొడుకు కార్డులోనే ఉన్నాయి. నెలనెలా రేషన్ బండి వస్తే వేలిముద్ర వేసి అందరి బియ్యమూ కోడలు దించుకునేది. మామ్మ వాటా ఆ బస్తాలోనే ఉంది. వెళ్ళి నా బియ్యం పెట్టమని అడిగితే కోడలు కాదనే మనిషి కాదు. కానీ మామ్మ అడగదు. అడగకుండా మిల్లు దగ్గర నూకలు తెచ్చుకుని కాచుకు తింటోంది. భర్త పోయిన పెద్దావిడ వేరుగా ఉంటే ఆవిడ ఒక్కపేరు మీదే కార్డు ఇవ్వొచ్చని అప్పుడు వెసులుబాటు వచ్చింది. నెలాఖరుకల్లా మా వెరిఫికేషన్ పైకి వెళ్ళాలి. దాటిందంటే ఆ తలుపు మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేరు. ఇదంతా మామ్మకి నాకన్నా బాగా తెలుసు. నన్ను చూసినప్పుడల్లా "అమ్మగారూ, మా ఇంటికెప్పుడొస్తారండి?" అని అడిగేది.

వెరిఫికేషన్ మొదటిరోజు నేను నిమ్మళం గారిని వెంటబెట్టుకుని పొయ్యిల లెక్కతో వీధిలోకి దిగాను. మొదటి ఇంట్లో అన్నదమ్ములు వేరుపడ్డారు. రెండు గదులు, రెండు గ్యాసు పొయ్యిలు. భేష్ అనుకున్నాను. రెండో ఇంట్లో మావగారు, అల్లుడు. అక్కడా రెండు పొయ్యిలే. మూడో ఇంటికెళ్ళేసరికి నాకెందుకో ఆ పొయ్యిని ఎక్కడో చూసినట్టనిపించింది. ఒక నాబు ఊడిపోతే దాని స్థానంలో ఎర్రటి బట్టల క్లిప్పు బిగించి ఉంది. ఈ క్లిప్పు ఫ్యాషను ఊరంతా ఉందేమో అనుకుని ఇంకో ఇంటికెళ్ళాను. అక్కడా అదే క్లిప్పు. ఇంకా వంట మొదలెట్టలేదండి అని ఆ ఇల్లాలు అంటుండగానే దాని మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది. అప్పుడు నిమ్మళం గారు వెనకనుంచి, "పొద్దుటినుంచి టీ కొట్టు ఎందుకు మూసుందా అని చూస్తున్నానమ్మా" అన్నారు. టీ కొట్టాయన పొయ్యి పెరటిదారిన మాకన్నా ముందు ప్రతి ఇంటికీ వెళ్తోందన్నమాట. నాకు కోపం రావాల్సింది. కానీ అందరూ ఎంత అణకువగా "కూచోండమ్మా, ఎండన పడొచ్చారు" అంటున్నారంటే, కోప్పడ్డానికి సందివ్వలేదు.

బస్సులో తిరిగొస్తూ ఆలోచించాను. పొయ్యి నడుస్తుంది, సరే. కూర నడుస్తుందా? పొద్దున పదకొండింటికి ఏ ఇంటికెళ్ళినా గిన్నెలో కూర ఉంటుంది. వేరుపడ్డామన్న ఇద్దరిళ్ళలోనూ మూత తీసి చూస్తే సరి. రెండుచోట్లా ఒకే కూర ఉంటే ఒకరు వండి ఇద్దరూ పంచుకున్నట్టే. అంటే కలిసున్నట్టే. ఏలూరు చేరేలోపు ఈ పద్ధతికి నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను. జిల్లా అంతటా దీన్నే అమలు చేస్తారని, నన్ను పిలిచి శాలువా కప్పుతారని కూడా అనుకున్నాను. (శాలువా రంగు కూడా అనుకున్నానుగానీ అది ఇప్పుడు చెప్పను.) మర్నాడు నిమ్మళం గారితో చెబితే ఆయన, "అమ్మా, మీరు చేపల కూర ఎప్పుడైనా చూశారా?" అన్నారు. చూడ్డానికి ఏముందండి, కూర కూరే అన్నాను.

చెప్పాపెట్టకుండా వెళ్ళాలి కదా, ఆ వారంలోనే ఒకరోజు ఊడిపడ్డాను. మొదట మామ్మ దగ్గరికే వెళ్ళాను. మామ్మ నన్ను చూసి, అల్లుతున్న చాప వదిలి లేచింది. మట్టిపొయ్యి మీద దాక. మూత తీయించాను. ఎర్రగా పులుసు, అందులో చేప ముక్కలు. వాసన నాకు గుప్పున కొట్టింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా ఉద్యోగధర్మంగా నిలబడ్డాను. తరవాత పక్కనే కోడలింట్లోకి వెళ్ళాను. కోడలికి ఆరోజు సెలవు. గ్యాసు పొయ్యి మీద గిన్నె. మూత తీస్తే ఎర్రగా పులుసు, చేప ముక్కలు. అదే రంగు, అదే వాసన. ఇంకేం కావాలి? నేను గడప దాటి బయటికొచ్చి, "మామ్మా, ఇద్దరిదీ ఒకటే కూర. మీరు వేరుపడలేదు, కలిసే ఉంటున్నారు" అని చెప్పి ట్యాబులో నొక్కేశాను.

మామ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నాకేసి చూసి, ఏదో అడగబోయి మానేసి, మళ్ళీ కూచుని తుంగ చేతిలోకి తీసుకుంది. కోడలు గుమ్మంలోంచి "అదికాదండి, మా అత్తగారు ఈ గడప తొక్కి..." అని మొదలెట్టింది. నేను వినలేదు. రుజువు దొరికాక సాకులెవరు వింటారు?

వినాల్సింది. ఎందుకంటే తరవాతి ఇంట్లో అన్నగారి గిన్నె మూత తీస్తే ఎర్రటి పులుసు, చేప ముక్కలు. తమ్ముడి గిన్నెలోనూ అంతే. కలిసే ఉన్నారని నొక్కాను. ఆ పైఇంట్లోనూ అంతే. నేను గబగబా నొక్కుకుంటూ పోతున్నాను. ఒకచోట గుమ్మం తప్పి, అర్జీయే పెట్టని వాళ్ళింట్లోకి వెళ్ళిపోయాను. వాళ్ళు కంగారుగా మూత తీసి చూపించారు. ఎర్రటి పులుసు. అర్జీ పెట్టని ఎదురింటివాళ్ళు కూడా, ఏదో సర్వే అనుకుని, అడక్కుండానే గిన్నె పట్టుకొచ్చి చూపించారు. అదే పులుసు. నేను వీధి మధ్యలో నిలబడిపోయాను. నిమ్మళం గారు తుండుగుడ్డతో మొహం తుడుచుకుంటూ, "మీ లెక్క ప్రకారం వీధంతా ఒకటే కుటుంబం అమ్మా. చర్చి, సచివాలయం కలిపి ఒక కార్డు ఇచ్చేద్దామా?" అన్నారు. అప్పుడు చెప్పారు అసలు సంగతి. ఆ తెల్లవారుజామున ఊరి పక్క పెద్ద చెరువు పట్టుబడి. చెరువు పట్టినరోజు వల లాగడానికి వెళ్ళిన ప్రతి ఇంటికీ చేప ఇచ్చి పంపుతారు. వెళ్ళనివాళ్ళకి వెళ్ళినవాళ్ళు పెడతారు. ఆ పూట లంకలో ఏ ఇంట చూసినా అదే శీలావతి చేప, అదే చింతపండు పులుసు. ఈ సంగతి ఊళ్ళో పిల్లులకి కూడా తెలుసు. నాకు తెలియదు. ముందే చెప్పొచ్చుగా అని ఆయన మీద ఎగిరాను. "చెప్పబోయానమ్మా, కూర కూరే అన్నారు" అన్నారు.

నేను నొక్కినవన్నీ పైకి వెళ్ళిపోయాయనుకుని, వెనక్కి లాగే దారి కోసం ట్యాబంతా వెతికాను. శాలువా పోతే పోయింది, మామ్మ కార్డు కూడా పోయిందే అనుకున్నాను. ఆ మట్టిపొయ్యి, ఆవిడ ఏదో అడగబోయి మానేసిన మొహం కళ్ళముందు కదిలాయి. నిమ్మళం గారు మాత్రం తాపీగా, "నా వేలిముద్ర పడందే ఏదీ వెళ్ళదు కదమ్మా. నిమ్మళంగా చూద్దామని నేనింకా వెయ్యలేదు. అన్నీ వెనక్కి పంపిస్తాను, మళ్ళీ చూసి నొక్కండి" అన్నారు. నేను ఇన్నాళ్ళూ తిట్టుకున్న నిమ్మళమే ఆరోజు మామ్మ కార్డుని పట్టుకుని ఆపింది. ఆ తరవాత ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండడం మానేసింది. పాసింజర్లో టీచరుగారికి కూడా సవరణ చెప్పాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ సరేనంది.

మళ్ళీ వస్తానని చెప్పి వచ్చాను. అదే నేను చేసిన రెండో తెలివైన పని. ఈసారి వెళ్ళేసరికి పంతులుగారమ్మాయి కూర చూసి కాపురం తేలుస్తుందన్న కబురు వీధి చివరిదాకా పాకిపోయింది. ఆరోజు కొల్లేటి లంకలో ఒక్క ఇంట కూడా చేప ఉడకలేదు. నేను చేప ముట్టనని, రుచి చూడలేకే అప్పుడు పొరబడ్డానని వాళ్ళ లెక్క. అందుకని నాకోసం ఊరు ఊరే కూరగాయలకి మారిపోయింది. అన్నగారింట్లో గుత్తి వంకాయ, తమ్ముడింట్లో దొండకాయ వేపుడు. మావగారింట్లో ఆనపకాయ, అల్లుడింట్లో బెండకాయ. కొత్తగా కాపురానికొచ్చిన ఒక పిల్ల, తోడికోడలి కూర ఏమిటో తెలియక, దేనికైనా మంచిదని ఉప్మా చేసి కూరని చెప్పింది. ప్రతి ఇంటిముందూ మొహాలు వేలాడేసుకుని పిల్లలు. మంచి చేపల కాలంలో ఈ దొండకాయలేమిటని వాళ్ళ ఏడుపు. వండినవాళ్ళు ఊరుకుంటారా? "రుచి చూడందే తేడా ఎలా తెలుస్తుందండీ?" అని ప్రతి గడప దగ్గరా కూచోబెట్టి పెట్టారు. ఒకరింట తిని ఇంకొకరింట మానితే పక్షపాతం చూపించానంటారని అందరిళ్ళలోనూ తిన్నాను. అమ్మ పెట్టిన క్యారేజీ ఆరోజు మూత విప్పకుండానే గూడెం చేరింది. (ఎవరింట తిన్నావని అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. నాన్నగారు మాత్రం, ఈ పూట నీకు మజ్జిగ చాలేమో అని నవ్వారు.)

తిన్నానుగానీ, ఏం తేలింది? ఏమీ తేలలేదు. అందరూ వేరే. కూర మారిస్తే కాపురం మారిపోయేటట్టయితే మా ఇంట్లో వారానికి ఏడు కాపురాలు. ఆయాసపడుతూ చిట్టచివరికి మామ్మ వసారాకి వెళ్ళాను. మామ్మ కొత్తగా ఏమీ వండలేదు. వీధంతా నన్ను మెప్పించాలని వంకాయలు తరుగుతుంటే ఆవిడ చాప అల్లుకుంటోంది. పొయ్యి మీద నూకల గంజి ఒక్కటే ఉంది. నన్ను చూసి చాప మీద చోటు చూపించి, గ్లాసులో గంజి పోసి, ఉప్పు వేసి ఇచ్చింది. "ఇందులో చేప లేదు, తాగండమ్మా" అంది. కడుపులో చోటు లేదు. అయినా తాగాను. ఏమైనా మరోలా వండి ఉండొచ్చు కదా మామ్మా, అందరూ చేశారు అన్నాను.

మామ్మ తుంగ పుల్ల సాపు చేస్తూ, తలెత్తకుండానే చెప్పింది. "మా కోడలు పులుసు పెట్టడం నా దగ్గరే నేర్చుకుందమ్మా. ఎన్నాళ్ళు వేరుగా ఉన్నా ఇద్దరి పులుసూ ఒకలాగే ఉంటుంది. కూర వేరవ్వాలని నేను అర్జీ పెట్టలేదు. నా బియ్యం నేను కొలుచుకోవాలి. ఆ డబ్బాలో నా చెయ్యి పడాలి. అంతే నాకు కావాల్సింది."

ఆ మాటకి నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది. మా ఇంట్లో వంటంతా అమ్మే చేసేది. కూర తరగడం, పప్పు వెయ్యడం, ఎసరు పెట్టడం అన్నీ అమ్మే. కానీ బియ్యం డబ్బా మూత తీసి ఇత్తడి సోలతో కొలిచి పోసేది మా నాయనమ్మ. ఎసరు మరుగుతున్నా సరే, నాయనమ్మ పూజ అయ్యి వచ్చేదాకా అమ్మ నిలబడి ఎదురుచూసేది. చుట్టాలొస్తే ఇంకో సోల పొయ్యమని అడగాలి. నాయనమ్మ పోయాక కర్మకాండలన్నీ ముగిసిన మర్నాడు, అమ్మ ఆ సోల చేత్తో పట్టుకుని డబ్బా ముందు నిలబడి ఏడవడం నేను చూశాను. అత్తగారి కోసం ఏడ్చిందో, ఇన్నేళ్ళకి సోల చేతికొచ్చినందుకు ఏడ్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. మామ్మ వసారాలో కూచుని గంజి తాగుతుంటే అర్థమైంది. రెండింటికీనూ.

నేను లేచి మామ్మ బియ్యం డబ్బా ఎక్కడుందని అడిగాను. తడికె మూల, ఇటుక మీద పెట్టిన పాత రంగుల డబ్బా. అందులో అడుగున నూకలు, నూకల్లో గుచ్చి ఒక పాలడబ్బా కొలత. ఆ డబ్బా మీద ఇంకెవరి చెయ్యీ పడలేదని చూస్తేనే తెలుస్తోంది. కోడలింట్లోకి వెళ్ళి అదే అడిగాను. అక్కడ స్టీలు డబ్బా, స్టీలు గ్లాసు. పెద్దావిడ బియ్యం ఇందులో ఉన్నాయా అని అడిగితే కోడలు కళ్ళు దించుకుంది. "ఆవిడ వాటా వేరే సంచిలో కట్టే ఉంచానండి. రోజూ ఎదురుచూస్తాను. ఒక్కసారైనా ఆవిడొచ్చి అడగరండీ" అంది. ఆ సంచి డబ్బా వెనకాల ఉంది. మూతి విప్పిన జాడ లేదు.

ఇక నాకు దారి దొరికింది. నవ్వుకుంటూ వీధి మొదటికి వెళ్ళి, ఈసారి కూరలవైపు చూడకుండా ఒకటే మాట అడుగుతూ వచ్చాను. మీ బియ్యం డబ్బా ఏది, కొలిచేదెవరు? గుత్తి వంకాయ అన్నగారి భార్య, దొండకాయ తమ్ముడి భార్య ఇద్దరూ ఒకేసారి ఒకే డబ్బావైపు చెయ్యి చూపించి, నాలిక్కరుచుకున్నారు. ఉప్మా పిల్లయితే నిజాయితీగా, "అత్తగారు కొలుస్తారండి, నన్ను ముట్టనివ్వరు" అని చెప్పేసింది. ఆ పూట కలిసున్నవాళ్ళంతా కలిసున్నారని, నిజంగా వేరైనవాళ్ళు వేరని తేలిపోయింది. ఒక్కరు కూడా నాతో పోట్లాడలేదు. డబ్బా అబద్ధమాడదని వాళ్ళకీ తెలుసు. ఊళ్ళో ఉన్న గ్యాసు పొయ్యిలు నడుస్తాయి, కూరలు మారతాయిగానీ, బియ్యం డబ్బా మీద పెత్తనాన్ని ఎవరూ ఒక్క పూటకైనా ఇంకొకరికి అరువివ్వరు. మామ్మ అర్జీ దగ్గర వేరుగా ఉంటున్నారని నొక్కి, ట్యాబు నిమ్మళం గారి ముందు పెట్టాను. ఆయన ఈసారి కళ్ళజోడు వెతుక్కోకుండా వేలిముద్ర వేసేశారు.

కార్డు వచ్చింది. రేషన్ బండి వచ్చినరోజు నేను కావాలనే ఆ వీధికి వెళ్ళాను. చాపలల్లి అరిగిన వేళ్ళు మిషనుకి ఒక పట్టాన అందలేదు. మామ్మ వేలు కొంగుకి తుడుచుకుని, ప్రార్థన చేసుకుని, మళ్ళీ పెట్టి, చివరికి ఒప్పించింది. నడుం వంగిన మనిషి కదా అని బండివాడు సంచి పట్టడానికి సాయమొచ్చాడు. వద్దంది. తనే చంకన పెట్టుకుని వెళ్ళింది. వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది. ఆ మొహంలో ఉన్న దర్జా నాకు ఐడీ కార్డు మెళ్ళో వేసుకున్న మొదటిరోజు కూడా లేదు.

కొన్నాళ్ళకి ఇంకో పనిమీద అటు వెళ్తే, వసారాలో అత్తాకోడళ్ళిద్దరూ ఎదురెదురుగా కూచుని ఒకే దాకలోంచి వడ్డించుకుని తింటున్నారు. ఆటో రాకముందే మామ్మ లేచి అన్నం వార్చి, కోడలికి క్యారేజీ కూడా కడుతోందట. ఇంట్లో కుక్కరు కొడుక్కి మాత్రమే కూస్తోంది. నన్ను చూసి ఇద్దరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. కోడలు లేవబోయింది. మామ్మ దాక తనవైపు లాక్కుని, "మళ్ళీ కలిపేస్తారామ్మా?" అంది. నేను రంగుల డబ్బావైపు చూశాను. పాలడబ్బా కొలత మామ్మ ఒళ్ళోనే ఉంది. "కొలిచేది మీరేగా మామ్మా, ఎవరికి పెట్టుకుంటే గవర్నమెంటుకేం పోయింది?" అన్నాను. అప్పుడు మామ్మ నవ్వింది. నాకు మళ్ళీ గంజి తాగక తప్పలేదు.

ఇప్పుడు నాది ఏలూరులోనే ఆఫీసు. పెళ్ళయింది, పిల్లలున్నారు. ఇళ్ళకెళ్ళి మూతలు తీసి చూసే పని కొత్తగా చేరినవాళ్ళు చేస్తున్నారు. వాళ్ళ కళ్ళలో ఆ నాటి ధీమా చూస్తే ముచ్చటేస్తుంది, ఏమీ చెప్పకుండా పంపించేస్తాను. మా ఇంట్లో బియ్యం మా అత్తగారే కొలుస్తారు. ఎసరు మరుగుతున్నా సరే, ఆవిడ పేపరు చదవడం అయ్యేదాకా నేను నిలబడతాను. ఈమధ్య ఆవిడ చెయ్యి వణుకుతోంది. పోయినవారం బియ్యం కొన్ని కింద ఒలికితే, గ్లాసు నా చేతిలో పెట్టి "ఇంక నువ్వే చూసుకోవే" అన్నారు. ఆ లంకకి వెళ్ళి ఉండకపోతే ఎగిరి గంతేసేదాన్నేమో. మామ్మ ఒళ్ళో ఉన్న పాలడబ్బా గుర్తొచ్చింది. గ్లాసు మళ్ళీ ఆవిడ చేతిలోనే పెట్టి, వణికే ఆ చేతికింద నా చెయ్యి పట్టాను. ఇప్పుడు ఎవరైనా వెరిఫికేషన్‌కొచ్చి మీ ఇంట్లో బియ్యం కొలిచేదెవరని అడిగితే, ఏం చెప్పాలో నాకు తెలియదు.